ముట్లుడిగే వేళ దిగులు: తార్నాకలో రాసుకున్న ప్రశ్నలు

తార్నాకకు ఆ పేరు ఎలా వచ్చిందో మా నాన్నగారు చెబుతుండేవారు. తార్ అంటే తీగ, నాకా అంటే కావలి ఉండే చోటు. నిజాం కాలంలో ఇక్కడొక తోట ఉండేదట. దానికి తీగకంచె వేసి, దారిలో కావలి పెట్టారట. ఆ తీగనాకాయే జనం నోట నలిగి తార్నాక అయిందట. కథలో నిజమెంతో గానీ, నా చిన్నతనంలో ఈ పేటకు రెండు సరిహద్దులుండేవి. ఒకటి ఉస్మానియా విశ్వవిద్యాలయం. రెండోది దానికి పొరుగునే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. ఈ రెంటి నడుమ నంబర్లతో పిలిచే వీధుల్లో ఒకదానిలో మా ఇల్లు.

ఈ రెండు సంస్థల చరిత్రలో ఒక చిన్న పాయను గురించి రాయాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. రాయడానికి కారణం మా అమ్మ.

1989 వేసవి. అమ్మకు అప్పుడు నలభై ఆరేళ్లు. తెల్లవారుజామున రెండు, మూడు గంటలకు లేచి వరండా మెట్టు మీద కూర్చునేది. ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి రవిక తడిసి ముద్దయ్యేది. నేను లేచి వెళితే, "ఏం లేదే, గుండెల్లో గుబులుగా ఉంది. ఏదో జరగబోతున్నట్టుంది" అనేది. ఏం జరగబోతోందో ఆమెకూ తెలియదు. పగలు చూస్తే మరో మనిషి. ఉప్పుడబ్బా చేతిలో పట్టుకుని, ఎందుకు తీసిందో మరచి అలా నిలబడిపోయేది. చిన్న మాటకు కళ్లనీళ్లు పెట్టుకునేది, అంతకంటే చిన్న మాటకు విరుచుకుపడేది. ఆ తరువాత, "నాకేమైందే?" అని నన్నే అడిగేది. ఎమ్మే చదువుతున్న నా దగ్గర జవాబు లేదు.

జవాబులు చెప్పినవాళ్లు ముగ్గురున్నారు. అమ్మమ్మ, "ముట్లుడిగే ముందు అందరికీ ఉండేదేనమ్మా, ఓర్చుకోవాలి" అంది. మేనత్త, "పిల్లలు చేతికందొచ్చారు, పని తగ్గింది, ఆలోచనలు పెరిగాయి. అంతా మనసులోనే ఉంది వదినా" అంది. మూడో జవాబు ఒక డాక్టరుది. ఆయన పేరూ, ఆసుపత్రి పేరూ ఇక్కడ అనవసరం. "ఇక ఆ గర్భసంచితో మీకేం పని? తీయించేసుకోండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు.

ఓర్చుకో, అంతా మనసులోనే ఉంది, తీయించేసుకో. ఇవి మా ఇంట్లో పుట్టిన మాటలనుకున్నాను అప్పుడు. ఆ తరువాత చదువుకుంటూ పోతే తెలిసింది, ఒక్కో మాట వెనుకా పెద్ద చరిత్రే ఉందని.

మొదటి జవాబు: ఓర్చుకో

మన భాషలో దీనికి మంచి మాటే ఉంది. ముట్లుడగడం. ఉడుగు అంటే ఆగిపోవడం, తగ్గిపోవడం. వాన ఉడిగిందంటాం. కాకపోతే వయసుడిగిందనీ, సత్తువ ఉడిగిందనీ కూడా అదే క్రియతో అంటాం. అందుకే ఒకటి ఆగితే తక్కినవీ ఆగినట్టేనన్న భావం ఆ మాటకు తెలియకుండానే అంటుకుంది.

ఆయుర్వేదంలో దీన్ని రజోనివృత్తి అన్నారు. పన్నెండేళ్ల ప్రాంతంలో మొదలై యాభై ఏళ్ల ప్రాంతంలో ఆగుతుందని సుశ్రుతసంహిత చెబుతుంది. ఆశ్చర్యమేమిటంటే అది ప్రత్యేకించి ఒక వ్యాధి కాదు అక్కడ, ఆకు పండినట్టు ఒక సహజమైన దశ. చూడ్డానికి ఇది ఎంతో ఆరోగ్యకరమైన ఆలోచన. పైగా మన ఇళ్లల్లో ముట్లుడిగిన స్త్రీకి కొన్ని స్వేచ్ఛలూ వచ్చేవి. మూడు రోజులు మూల కూర్చోవలసిన పని తప్పేది, మడికీ పూజకూ అడ్డుండేది కాదు, పెద్దరికం వచ్చేది. అమ్మమ్మ తరం స్త్రీలు దీన్ని విడుదలగా చెప్పుకోవడం నేను స్వయంగా విన్నాను.

కానీ సహజం అన్న మాటలో ఒక చిక్కుంది. సహజమైనదాన్ని గురించి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. పురుడూ సహజమే, అయినా దానికి మంత్రసానీ, పథ్యమూ, ఇంటినిండా హడావిడీ ఉన్నాయి. ముట్లుడగడానికి అవేవీ లేవు. ఒక స్త్రీ ఏడెనిమిదేళ్లపాటు నిద్రలేకుండా, గుబులుతో, ఎవరికీ చెప్పుకోకుండా గడపవచ్చు, ఇల్లు మాత్రం యథాప్రకారం నడిచిపోతుంది. ఓర్పు ఎవరికి లాభమో ఆ నడిచే ఇంటిని చూస్తే తెలుస్తుంది.

రెండో జవాబు: అంతా మనసులోనే

ఇది పడమటి వైద్యంతో వచ్చింది. మెనోపాజ్ అన్న మాటను పుట్టించింది ఫ్రెంచి వైద్యుడు గార్దాన్. 1816లో ఈ దశపై ఒక గ్రంథం రాసి, 1821లో ఆ మాటను ఇప్పటి రూపానికి తెచ్చాడు. పేరు పెట్టగానే అది జబ్బుల జాబితాలోకి నడిచివెళ్లడం మొదలుపెట్టింది. పందొమ్మిదో శతాబ్దపు యూరపు వైద్యులు నడివయసు స్త్రీల కోపాన్నీ, దుఃఖాన్నీ, మతిమరుపునూ, చివరికి దొంగతనాలను కూడా దీని ఖాతాలోనే వేశారు.

1896లో జర్మన్ మానసిక వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్, నడివయసు దాటే దశలో వచ్చే విషాదాన్ని ఒక ప్రత్యేక వ్యాధిగా వర్గీకరించాడు. అలజడి, అకారణమైన అపరాధభావం, సర్వనాశనం కాబోతోందన్న భయం దాని లక్షణాలు. కొన్నేళ్ల తరువాత ఆయనే ఆ గీతను చెరిపివేసుకున్నాడు గానీ, పాఠ్యగ్రంథాలు చెరపలేదు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం 1968 కూర్పులో కూడా అది ఉంది. 1979లో మిర్నా వైస్‌మన్ అనే పరిశోధకురాలు అదొక కట్టుకథేనంటూ వ్యాసం రాసింది. ఈ వయసులో వచ్చే కుంగుబాటు తక్కిన వయసుల్లో వచ్చేదానికంటే వేరైన వ్యాధి అనడానికి ఆధారాలు లేవని చూపింది. 1980 కూర్పులో ఆ వ్యాధి పేరే మాయమైంది.

ఇది స్త్రీలకు ఒక విజయమే. నలభై ఐదు దాటిన ప్రతి ఆడదానికీ పిచ్చెక్కుతుందన్న ముద్ర తొలగిపోయింది. అయితే లోలకం ఆ చివరికి కొట్టుకుపోయింది. ముట్లుడగడానికీ కుంగుబాటుకీ సంబంధమే లేదన్న వాదన బలపడింది. నిజం ఆ రెండు చివరలా లేదు. అమెరికాలో 1996లో మొదలై, వేలమంది స్త్రీలను ఏళ్ల తరబడి వెంటాడిన స్వాన్ అధ్యయనమూ, 2006లో వెలువడిన హార్వర్డ్ అధ్యయనమూ ఒక విషయం తేల్చాయి. బహిష్టులు క్రమం తప్పే ఆ మార్పుకాలంలో కుంగుబాటు ముప్పు పెరుగుతుంది. అందరికీ కాదు, ఎక్కువమంది పెద్ద ఇబ్బంది లేకుండానే దాటేస్తారు. అంతకుముందు ఎప్పుడైనా కుంగుబాటు వచ్చినవారికి, ఆవిర్లతో నిద్రపట్టనివారికి, అదే సమయంలో బతుకులో దెబ్బ తగిలినవారికి ముప్పు ఎక్కువ. ఈస్ట్రోజెన్ తగ్గడం కంటే అది తగ్గుతూ పెరుగుతూ ఊగిసలాడడమే కొందరి మెదడును అతలాకుతలం చేస్తుందని ఇప్పుడు భావిస్తున్నారు.

మా మేనత్త మాటలో పూర్తి అబద్ధం లేదన్నమాట. అది మనసులోనే ఉంది. కాకపోతే మనసు ఎక్కడుందన్నది అసలు ప్రశ్న. దానికి తార్నాక ఒక విచిత్రమైన దారిలో జవాబు వెతికింది.

జొన్నలూ దిగులూ

1918లో రెండు సంస్థలు పుట్టాయి. హైదరాబాదులో ఏడో నిజాం ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయం, నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ నడిపిన బెరిబెరి పరిశోధనా విభాగం. ఆ రెండోది పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో మొదలైంది. విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనానికి 1939 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పెట్టుకుంది. అలా కవలలవంటివి ఒకే పేటలో ఇరుగుపొరుగులయ్యాయి.

హైదరాబాదుకు రాగానే ఈ శాస్త్రజ్ఞుల కంట పడిన జబ్బు పెలాగ్రా. ఒంటిమీద ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులూడుతుంది, విరేచనాలవుతాయి, మనసు చెదురుతుంది. నియాసిన్ అనే విటమిన్ కొరవడడం వల్ల వచ్చే ఈ జబ్బు మొక్కజొన్న తినేవారికే వస్తుందని అప్పటిదాకా లోకం నమ్మకం. ఇక్కడ మాత్రం జొన్నరొట్టె తప్ప మరేమీ ఎరగని దక్కను పేదలకు వస్తోంది. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య లాన్సెట్ పత్రికలో ఒక వివరణ ఇచ్చారు. జొన్నలో లూసిన్ అనే ఆమ్లం మోతాదు ఎక్కువనీ, శరీరం నియాసిన్‌ను వాడుకోవడానికి అదే అడ్డొస్తోందనీ వారి వాదం. ఆ వాదంపై తరువాత చర్చలు జరిగాయి. నాకు ముఖ్యమనిపించింది వేరే సంగతి. ఈ రోగుల్లో ముభావం, కుంగుబాటు, నిద్రలేమి కనిపించేవి. 1968లో శ్రీకాంతయ్య, ఆయనతోపాటు కమలా కృష్ణస్వామి తదితరులు వారి మెదడు తరంగాలను నమోదు చేసి అందులోనూ మార్పులున్నాయని చూపారు. నియాసిన్ ఇస్తే కొద్దిరోజుల్లోనే పెలాగ్రా రోగి తేరుకుని మనుషుల్లో పడతాడు.

ముట్లుడగడానికీ పెలాగ్రాకూ నేరుగా చుట్టరికం లేదు. కానీ మేనత్త మాటకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు. ఒక కూలిమనిషి గుడిసె గోడకానుకుని శూన్యంలోకి చూస్తూ కూర్చుంటే, ఊరంతా గాలి సోకిందంటే, పరిశోధకులు ఆ మనిషి కంచంలోకి చూశారు. దిగులుకు ఒంట్లో, తిండిలో, కూలిరేట్లలో కూడా వేళ్లుంటాయని తెలిసింది.

సవాలక్ష సందేహాలు

ఒంటిని కొలవడం ఒక పని. ఆ ఒళ్లున్న మనిషిని అడగడం మరో పని. ఆ రెండో పని పొరుగున జరిగింది.

1970ల చివర హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వారి నోటనే చెప్పించి 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది వీరే. ఆ పుస్తకం 1986లో వచ్చింది. దానిలో పనిచేసిన లలిత, సూసీ తారు, రమా మేల్కోటే, వసంత కన్నబిరాన్, వీణా శత్రుఘ్న ప్రభృతులు వినడం ఒక పద్ధతిగా నేర్చుకున్నవారు. 1985లో పటాన్‌చెరువులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షను పరీక్షకు పల్లెటూరి స్త్రీలను పిలిచారు. అది పరీక్ష అని గానీ, దాని దుష్ఫలితాలేమిటని గానీ వారికి సరిగా చెప్పలేదు. సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి నిలదీసి, మరికొన్ని సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకెక్కారు. అందులోని వాదన సూటిది: తన ఒంట్లోకి ఏం ఎక్కిస్తున్నారో తెలుసుకునే హక్కు సంతకం పెట్టడం రాని స్త్రీకి కూడా ఉంది.

ఆ అనుభవం నుంచే ఒక పెద్ద పుస్తకం తయారైంది. బోస్టన్ స్త్రీలు 1970 ప్రాంతంలో తమ శరీరాల గురించి తామే రాసుకున్న పుస్తకం స్ఫూర్తిగా, మన తిండి, మన పని, మన ఆసుపత్రులు, మన మాటలతో తెలుగులో వెలువడిన 'సవాలక్ష సందేహాలు' అది. ఆ పేరే నాకెంతో ఇష్టం. మనవాళ్లు సవాలక్ష అంటే చిరాకుతో అంటారు, "సవాలక్ష పనులున్నాయి", "సవాలక్ష సాకులు చెబుతుంది" అని. ఆ చిరాకును తిరగేసి, అవును మాకు సవాలక్ష సందేహాలున్నాయి, చెప్పండి అన్నారు ఈ స్త్రీలు.

1985లో అన్వేషి స్త్రీ అధ్యయన కేంద్రం ఏర్పడి, ఏళ్లపాటు ఉస్మానియా ప్రాంగణంలోనే నడిచింది. తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాలనీకి మారింది. మానసిక ఆరోగ్యాన్ని స్త్రీల వైపు నుంచి చూడడం మన దేశంలో మొదలైన చోట్లలో అదొకటి. 1990లలో అక్కడ పనిచేసిన భార్గవి దావర్ 1999లో భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యంపై ఒక గ్రంథం తెచ్చారు. తీవ్రమైన మానసిక వ్యాధులు స్త్రీపురుషుల్లో ఇంచుమించు సమానంగానే ఉంటాయి. ఆందోళన, కుంగుబాటు వంటివి మాత్రం స్త్రీలలో చాలా ఎక్కువ. మన వ్యవస్థ అంతా ఆ మొదటి రకం చుట్టూనే కట్టబడిందని ఆమె ఎత్తిచూపారు. హైదరాబాదువాళ్లకు ఇది ఒక్క మాటలో చెప్పవచ్చు. మనకు మానసిక వైద్యం అంటే ఎర్రగడ్డ. ఎర్రగడ్డ అంటే తిట్టు. తెల్లవారుజామున వరండా మెట్టు మీద కూర్చున్న మా అమ్మకు ఎర్రగడ్డకూ, ఓర్చుకోవడానికీ మధ్య మరో చోటు లేదు. (భార్గవి దావర్ 2024లో కన్నుమూశారు.)

ఈ రెండు ఇళ్లకూ నడుమ నడిచిన మనిషి వీణా శత్రుఘ్న. పోషకాహార సంస్థలో వైద్యురాలు, స్త్రీశక్తి సంఘటనలో, అన్వేషిలో సభ్యురాలు. ఆమె బృందం తక్కువ ఆదాయపు ఇళ్ల స్త్రీలను, 30 నుంచి 60 ఏళ్లవారిని, పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించింది. రోజుకు వారి తిండిలో దొరుకుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములు. తొడ ఎముక మెడభాగంలో ఎముకలు గుల్లబారినవారు 29 శాతం దాకా ఉన్నారు. పత్రికలు ఎముకల బలహీనతను ముట్లుడిగాక హార్మోను తగ్గడం వల్ల వచ్చేదిగా మాత్రమే రాస్తుంటే, ఇక్కడి స్త్రీల ఎముకలు ఆనాటికే అరిగిపోయి ఉన్నాయి. బాల్యం నుంచీ చాలని తిండి, వరుస కాన్పులు, మోయలేని బరువులు ఆ ఎముకల్లో జమయ్యాయి. దిగులు విషయంలోనూ అంతే కాదూ? నలభై ఆరో ఏట బయటపడ్డదంతా నలభై ఆరో ఏట పుట్టినది కాదు.

మూడో జవాబు: తీయించేసుకో

ఇక మా డాక్టరుగారి మాట. మన తెలుగునేల చరిత్రలో ఇదే అన్నిటికంటే చేదైన అధ్యాయం.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దేశమంతటా ఇలాంటి శస్త్రచికిత్సల్లో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. నలభై నిండకముందే చేయించుకున్నవారు ఎందరో. మెదక్ వంటి జిల్లాల పల్లెల్లో ముప్పై దాటని స్త్రీలకు కూడా తెల్లబట్టకూ, నడుంనొప్పికీ, "కాన్సరొస్తుంది" అన్న బెదిరింపుకూ ఈ ఆపరేషన్లు జరిగాయని 2000ల తరువాత కార్యకర్తలు వెలుగులోకి తెచ్చారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలోనూ ఈ శస్త్రచికిత్సలు మితిమీరి, ప్రభుత్వం ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. చివరికి 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసరంగా గర్భసంచులు తొలగించకుండా కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం ఏడెనిమిదేళ్ల ప్రయాణంగా జరగదు, ఒక్క పూటలో జరిగిపోతుంది. అలా తీయించుకున్నవారిలో ఆవిర్లు, నిద్రలేమి, కుంగుబాటు మరింత తీవ్రంగా ఉండే అవకాశముంది. అండాశయాలు ఉంచినా అవి తొందరగా అలసిపోవచ్చు. గడ్డలు, ఆగని రక్తస్రావం, కాన్సరు వంటివాటికి ఈ శస్త్రచికిత్స ప్రాణదాతే. దిగులుకు మాత్రం ఇది మందు కాదు.

మా అమ్మకు 1989 చివర్లో రెండూ తీసేశారు. అండాశయాల సంగతి మాకు డిశ్చార్జి కాగితం చూశాకే తెలిసింది. "అన్నీ సర్దుకుంటాయి" అన్న మాట నమ్మి ఆమె ఆసుపత్రికి కొత్త చీర కట్టుకుని వెళ్లింది. తిరిగొచ్చాక ఆరు నెలలు ఆ ఇంట్లో ఎవరం నవ్వినట్టు గుర్తులేదు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ మామూలుగా, ఉల్లిపాయలు తెమ్మన్నంత మామూలుగా, "నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారే" అంది. నేను విని ఊరుకున్నాను. అది అలసటతో అన్న మాట అనుకున్నాను. ఆ ఊరుకోవడం ఈనాటికీ నన్ను నిలదీస్తుంది.

ఇదే శరీర భాగాల వాదానికి మరో ముఖం హార్మోను మాత్రలు. గర్భంతో ఉన్న గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మందు ప్రెమారిన్ 1942లో అమెరికా మార్కెట్టుకొచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు ముట్లుడగడం ఒక లోపవ్యాధి అనీ, మాత్ర వేసుకుంటే నిత్యయౌవనమనీ పుస్తకం రాశాడు. ఆయనకు మందుల కంపెనీల సొమ్ము ముట్టిందన్నది తరువాత బయటపడింది. 2002లో పదహారు వేలమందికి పైగా స్త్రీలపై జరుగుతున్న పరీక్షలో రొమ్ము కాన్సరు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పులు కనిపించి దాన్ని మధ్యలోనే ఆపేశారు. లోకమంతా ఒక్కసారిగా భయపడి మాత్రలు పారేసింది. ఆ తరువాత నెమ్మదిగా లెక్కలు సరిచూస్తే, అరవై ఏళ్ల లోపు, ముట్లుడిగి పదేళ్లు దాటనివారిలో చాలామందికి లాభమే ఎక్కువని తేలింది. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందులపై ఉన్న అతి తీవ్రమైన హెచ్చరికను తొలగిస్తున్నట్టు ప్రకటించింది. నిత్యయౌవనం నుంచి మహాభయానికీ, అక్కడి నుంచి మళ్లీ మధ్యకూ అరవై ఏళ్లు పట్టింది.

నోటుపుస్తకం

మా ఇంటికి రెండిళ్లవతల విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఒక మేడమ్ ఉండేవారు. కొన్నాళ్లకు ఒక వానకాలంలో ఆవిడ 'సవాలక్ష సందేహాలు' తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, "చదివి నాకు చెప్పండి, మీ దగ్గరే నేర్చుకుంటాను" అన్నారు. అమ్మ ఎనిమిదో తరగతి వరకు చదివింది. ఆ పుస్తకం పెన్సిలుతో గీతలు గీస్తూ చదివింది. పుస్తకంలోని సమాచారం కంటే, సందేహం అడగవచ్చన్న ధైర్యమే ఆమెకు ఎక్కువ పనికొచ్చిందని నా నమ్మకం. తరువాత ఇద్దరూ కలిసి పొద్దున్నే ఆర్ట్స్ కళాశాల దాకా నడవడం మొదలుపెట్టారు. వెళ్లేటప్పుడు మేడమ్ మాట్లాడేవారట, వచ్చేటప్పుడు అమ్మ మాట్లాడేదట.

ఆ తరువాత అమ్మ నా పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని ప్రశ్నలు రాసుకుని మరో డాక్టరు దగ్గరకెళ్లింది. ఆ డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని ఆ ప్రశ్నలన్నీ విన్నది. నెత్తురు పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించింది. కుంగుబాటుకు మందు రాసి, "ఇది రెండు మూడు వారాల దాకా పనిచేసినట్టు తెలియదు, మధ్యలో మానకండి" అని ముందే చెప్పింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. అమ్మ, అవునంది. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమేనట. మందు ఏడాదిన్నర వాడాక నెమ్మదిగా తగ్గించి ఆపారు.

ఈనాటి వైద్యం చెప్పేదీ దాదాపు ఇదే. ముందు రక్తహీనత, థైరాయిడ్, బీ12, డీ విటమిన్ల లోపాలు చూడాలి. మాటలతో చేసే చికిత్స, ముఖ్యంగా ఆలోచనల తీరునూ అలవాట్లనూ సరిదిద్దే చికిత్స, ఆందోళనకూ నిద్రలేమికీ పనిచేస్తుంది. కుంగుబాటు గట్టిగా ఉంటే దాని మందులు వాడాలి, వాటిలో కొన్ని ఆవిర్లను కూడా తగ్గిస్తాయి. మార్పుకాలంలో ఉన్న కొందరికి ఈస్ట్రోజెన్ మనసును కూడా తేలికపరుస్తుందని 2000, 2001లలో వచ్చిన చిన్న పరీక్షలు సూచించాయి. అది ఎవరికి తగునో వైద్యులతో కూర్చుని తేల్చుకోవాలి. నడక, బరువులెత్తే వ్యాయామం, వేళకు నిద్ర, రాగులూ పాలూ ఆకుకూరలూ, సాయంత్రం తరువాత కాఫీ మానడం చిన్నవిగా కనిపించే పెద్ద సాయాలు. బతకాలనిపించని మాట ఎవరినోట విన్నా, నాలాగా ఊరుకోకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

2017లో తార్నాకకు మెట్రో వచ్చింది. మా వీధిలో పాత ఇళ్లన్నీ అపార్టుమెంట్లయ్యాయి. ఆ వరండా మెట్టు కూడా పోయింది. అమ్మ డెబ్భై ఎనిమిదో ఏట పోయింది, హాయిగా, నిద్రలోనే. అమ్మ దాటిన వయసును నేనూ దాటాను. నాకు ఆవిర్లు మొదలైన రాత్రి మొదట చేసిన పని ఆ నోటుపుస్తకం వెతుక్కోవడం.

మొదటి పేజీలో వరుస నంబర్లు వేసి, గుండ్రటి అక్షరాలతో పదిహేడు ప్రశ్నలున్నాయి. ఎన్నాళ్లుంటుంది, మందు అలవాటైపోతుందా, ఆయనకు ఎలా చెప్పాలి, పిల్లలకు కూడా వస్తుందా. అన్నిటికంటే పైన, ఒకటో నంబరు ఎదురుగా ఉన్నది ఇది: ఇది జబ్బా, లేక నా గుణమే ఇలా మారిపోయిందా?

ఇంత చరిత్ర చదివాక ఆ ప్రశ్నకు నేను చెప్పగలిగింది ఇంతే. నీ గుణం మారలేదమ్మా. ఒంట్లో ఒక ఋతువు మారింది, ఆపైన నిద్రలేదు, ఎన్నేళ్ల అలసటో జమై ఉంది, మేమెవరం అడగలేదు. అడిగి ఉంటే ఆ ఆపరేషను బల్ల ఎక్కేదానివి కావేమో.

మీ ఇళ్లల్లో అమ్మలూ అత్తలూ అక్కలూ ఈ రోజుల్ని ఎలా దాటారో, ఏ మాటలతో చెప్పుకునేవారో గుర్తుంటే రాయండి. ఒక్కో ఊళ్లో ఒక్కో మాట ఉండి ఉంటుంది. వాటిని పోగుచేస్తే అదీ ఒక చరిత్రే.